వంతెన కాపలాదారు టైప్ చేస్తున్నాడు

చచ్చిపోయినవాడు మళ్ళీ మెసేజ్ పెట్టాడని తెలిసేసరికి ఆమె ఒకాయన కళ్ళజోడుకి స్క్రూ బిగిస్తోంది. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది.

"మేడమ్, కాపలాదారు బతికున్నాడా?" అవతల ఎడిటర్ కంగారుగా అడిగాడు.

"లేడండీ. పోయినవారమే చంపేశాను కదా."

ఎదురుగా కూర్చున్న కళ్ళజోడు ఆసామి కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

"మరి పొద్దుట్నుంచీ మాట్లాడుతున్నది ఎవరు?"

ఆమె స్క్రూడ్రైవర్ కింద పెట్టేసి యాప్ తెరిచింది. నిజమే. కాపలాదారు పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతోంది. దాని కింద వరసగా మెసేజ్‌లు.

"టీ చల్లారింది."

"నీళ్ళు తగ్గాయి."

"నేను గదిలో లేను."

ఆ అకౌంట్ అన్నయ్యది. అన్నయ్య ఇప్పుడు తన పేరు కూడా రాయలేడు.

అన్నయ్యా తనూ కలిసి ఆ యాప్‌లో రాసే సీరియల్‌లో వర్ణనలు ఉండవు. పాఠకుడు తెరిస్తే కనిపించేది ఇద్దరి మధ్య మెసేజ్‌లు, అంతే. పడవలు వచ్చినప్పుడు వంతెన ఎత్తే కాపలాదారు ఒకడు. ఆ వంతెన మీదుగా లారీ తోలుకుపోయే ఆవిడ ఒకతె. ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోలేదు. ఆవిడ వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక పడవ అడ్డం పడుతుంది, వంతెన లేస్తుంది, ఆవిడ ఇటే ఆగిపోతుంది. లారీ ఆవిడ మాటలు చెల్లెలివి. కాపలాదారు మాటలు అన్నయ్యవి.

ఇద్దరూ ఏనాడూ పక్కపక్కన కూర్చుని రాయలేదు. ఆమె కళ్ళజోళ్ళ షాపులోంచి, లిఫ్టు మెకానిక్ అయిన ఆయన ఏదో ఒక మేడ మీది మోటారు గదిలోంచి, నిజంగానే ఒకరికొకరు మెసేజ్ పెట్టుకునేవారు. పెట్టింది పెట్టినట్టే పాఠకులకి చేరిపోయేది. మధ్యలో దిద్దేవాడు లేడు. ప్రతి మెసేజ్ కిందా టైము పడుతుంది. కాపలాదారు గంటసేపు పలకకపోతే, అన్నయ్య నిజంగా గంటసేపు పలకలేదన్నమాట. ఆ షరతు పెట్టింది ఆయనే. "ఆలస్యం కూడా మాటేనే. అందులో అబద్ధం ఆడకూడదు" అన్నాడు మొదటిరోజు. ఒకసారి ఆయన లిఫ్టులో ఇరుక్కుపోయి మధ్యాహ్నమంతా జవాబివ్వకపోతే, పాఠకులు గుండెలు బాదుకున్నారు.

పోయిన చలికాలంలో ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. మాట పోయింది. పోయినదాంట్లో ఒక్క మాట మాత్రం ఎందుకో మిగిలింది: గొడుగు. దాహమేస్తే గొడుగు. ఫ్యాన్ వెయ్యమనడానికి గొడుగు. కోపమొస్తే అదే గొడుగు కొంచెం గట్టిగా. అన్నీ అర్థమవుతాయి ఆయనకి. బయటికి రావు, అంతే.

యాప్ కంపెనీవాళ్ళు కొన్నాళ్ళు ఆగారు. తరవాత కాపలాదారు మాటలు రాయడానికి ఇంకొకర్ని పెడతామన్నారు. అన్నయ్య గొంతులో ఎవడో పరాయివాడు మాట్లాడటం ఆమె భరించలేకపోయింది. దానికన్నా చంపెయ్యడమే నయమనుకుంది. లారీ ఆవిడ చేత రాయించింది: "నిన్న వరదకి వంతెన గది కొట్టుకుపోయిందట. నువ్వు అందులోనే ఉన్నావట. ఇది నీకు చేరదు." రాసి, షాపు వెనకగదిలో తలుపేసుకుని ఏడ్చింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

"మా పరీక్షలో ఏం తేలిందంటే," ఫోన్‌లో ఎడిటర్ ఇంకా చెప్పుకుపోతున్నాడు. పొద్దుటి మెసేజ్‌లలో కొత్త మాట ఒక్కటీ లేదట. అన్నీ పాత ఎపిసోడ్లలో కాపలాదారు వాడినవేనట. పాతవన్నీ మిషన్‌కి మేపి, దాంతో రాయించినట్టే ఉందట. మిషన్ రాసిందని తేలినా, పేరు లేని మనిషి రాశాడని తేలినా, కంపెనీ మొత్తం సీరియల్ తీసేస్తుంది. ఇంతకుముందు రెండు సీరియళ్ళకి అలాగే చేశారు. "సాయంత్రం ఆఫీసు మూసేలోపు రాసినవాళ్ళ పేరు కావాలి మేడమ్. వాళ్ళే స్వయంగా చెప్పాలి. నాకూ ఇష్టమై అడగట్లేదు."

తీసేస్తే ఏం పోతుందో ఎడిటర్‌కి తెలియదు. ఆయనకి అదొక సీరియల్. ఆమెకి, అన్నయ్య మాట్లాడిన మాటలు పూర్తిగా మిగిలున్న చోటు ప్రపంచంలో అదొక్కటే. ఆయన వెటకారం, ఆయన అలక, చెప్పాల్సింది వదిలేసి టీ గురించి మాట్లాడే ఆయన పద్ధతి, అన్నీ అందులోనే ఉన్నాయి.

కళ్ళజోడు ఆసామి ముక్కు మీద అద్దాలు పెట్టి, షాపు యజమానికి చెప్పి, ఆమె అన్నయ్యావాళ్ళ ఇంటికి బస్సెక్కింది.

అనుమానించడానికి ఎక్కువమంది లేరు. అన్నయ్య పాస్‌వర్డ్ తెలిసింది ఇద్దరికే. ఒకరు తను. రెండోది వదిన.

వదిన పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది. పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేస్తుంది. తలుపు తీసేసరికి ఇంకా యూనిఫారంలోనే ఉంది.

"ఇప్పుడొచ్చావేంటి అమ్మాయ్? షాపు తగలబడిందా?"

"వదినా, నిజం చెప్పు. అన్నయ్య అకౌంట్లోంచి రాస్తున్నది నువ్వేనా?"

వదిన మొహం పాలిపోయింది. ఆ పాలిపోవడం చూసి, దొరికిందనుకుంది చెల్లెలు. మెసేజ్‌లు చూపించింది. సాయంత్రంలోపు ఏం కాబోతోందో చెప్పింది. వదిన కళ్ళజోడు పైకి తోసుకుని అవన్నీ చదివింది. రెండోసారి చదివింది. తరవాత అక్కడే చెప్పుల స్టాండు మీద కూలబడింది.

"నేను చేసిన తప్పు ఒకటుంది. ఇది కాదు," అంది.

ప్రతి ఎపిసోడూ ఆయనకి తనే పైకి చదివి వినిపిస్తోందట. పోయినవారం కూడా చదివింది. కాపలాదారు పోయాడని విన్నాక ఆయన ఎడంచేత్తో కంచం నెట్టేశాడు. గొడుగు, గొడుగు అని అరిచాడు. ఆ పూటంతా గోడవైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడు సొరుగు చూపించి పేచీ పెట్టాడు. ఆయన పాత ఫోన్ అందులో ఉంది. ఫొటోలు చూసుకుంటాడేమోనని ఛార్జింగ్ పెట్టి ఇచ్చింది.

"ఫొటోలే చూస్తున్నాడనుకున్నాను. నేను గదిలోకి వెళ్తే దుప్పటి కింద దాచేస్తున్నాడు. పాతికేళ్ళ కుర్రాడు దాచినట్టు. ఎవరో పాత సినిమా తార బొమ్మలేమోనని నేను కూడా ఏమీ అడగలేదు."

చెల్లెలు మళ్ళీ తెర వైపు చూసింది. ఈసారి మాటలు చదవలేదు. మాటల కింద టైములు చదివింది.

"టీ చల్లారింది"కీ "నీళ్ళు తగ్గాయి"కీ మధ్య అరగంట పైనే. తరవాతిదానికి ఇంకా ఎక్కువ. మొదటిది పొద్దున వదిన పనికి గుమ్మం దాటాక వచ్చింది. ఆఖరిది వదిన తిరిగొచ్చి తాళం తీసేముందు. కింద గుడ్లగూబ అనే పాఠకురాలు రాసింది: "ఈ ఖాళీలే నన్ను చంపేస్తున్నాయి. ఒక్కో మాటకీ ఎంత దూరంనుంచి వస్తున్నాడో."

మిషన్‌కి ఇంతసేపు పట్టదు. వదిన రాసినా పట్టదు. ఇంతసేపు పట్టేది ఒక్క మనిషికే, ఆ మనిషి ఆలస్యంలో అబద్ధం ఆడడు.

ఇద్దరూ చప్పుడు చెయ్యకుండా వెళ్ళి తలుపు సందులోంచి చూశారు.

అన్నయ్య కిటికీ పక్క మంచం మీద, దిండుకి ఫోన్ ఆనించుకుని కూర్చున్నాడు. ఎడంచేతి బొటనవేలు తెర మీద ఆడుతోంది. ఒక అక్షరం నొక్కాడు. కీబోర్డు పైన మూడు మాటలు వచ్చాయి. ఏళ్ళ తరబడి ఆయన కాపలాదారుగా కొట్టినవే. ఏ మాట తరవాత ఏ మాట వేస్తాడో ఫోన్‌కి అలవాటే. నోటికి రానిది ఫోన్ అందిస్తోంది, ఆయన ఏరుకుంటున్నాడు. మొదట తప్పుది నొక్కాడు. తల అడ్డంగా ఊపి చెరిపేశాడు. మళ్ళీ మూడు మాటలు. మళ్ళీ చెరిపేశాడు. నుదుట చెమట పట్టింది. మూడోసారి దొరికింది.

చెల్లెలి చేతిలో ఫోన్ కంపించింది.

"వంతెన దించాను."

ఎన్నో ఎపిసోడ్ల పాటు లారీ ఆవిడ ఆ ఒక్క మాట కోసమే ఎదురుచూసింది. చెల్లెలు గోడకి ఆనుకుంది. వదిన ఆమె చెయ్యి పట్టుకుంది. కాసేపటికి ఇంకొకటి వచ్చింది.

"రా."

చెల్లెలు తలుపు తోసుకుని వెళ్ళింది. ఆయన ఉలిక్కిపడి ఫోన్‌ని దుప్పటి కిందికి తోశాడు. తోశాక, ఇక లాభం లేదని తెలిసి బయటికి తీశాడు. దొంగతనంగా బెల్లం తింటూ దొరికిపోయిన మొహం పెట్టాడు. ఆమె మంచం పట్టె మీద కూర్చుంది. ఆయన ఆమె జడ చివర పట్టుకుని కొంచెం లాగాడు, చిన్నప్పుడు లాగినట్టే.

"గొడుగు," అన్నాడు మెత్తగా.

అప్పుడే ఎడిటర్ ఫోన్. ఆమె స్పీకర్ ఆన్ చేసి దిండు మీద పెట్టింది. రాసిందెవరో తెలిసిందని, ఇక్కడే ఉన్నారని, కానీ తను చెప్పనని చెప్పింది. స్వయంగా చెప్పాలన్నారు కదా, చెప్తారు, కాస్త ఆగండి అంది. ఎంతసేపని ఎడిటర్ అడిగాడు. మీ పాఠకులు ఆగుతున్నంతసేపు అంది.

అన్నయ్య ఫోన్ వైపు చూశాడు. దవడ బిగుసుకుంది. పెదవులు కదిలాయి.

"గొ..." అని, కళ్ళు మూసుకుని తల విదిలించాడు. కాదు.

వదిన మాట అందించబోయింది. చెల్లెలు ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. ఆలస్యం ఆయనది. అందులో వేలు పెట్టకూడదు.

కిటికీ బయట ఎవరో బట్టలు దులిపి ఆరేస్తున్నారు. ఒక్కో దులుపుకీ టప్, టప్ అని చప్పుడు. అవతల ఎడిటర్ ఊపిరి వినిపిస్తోంది.

"నే..." అన్నాడు అన్నయ్య. ఎడంచెయ్యి పైకి లేచింది. గుండె మీద పడింది. "నే... ను."

వదిన చీర కొంగు కోసం వెతుక్కుంది, యూనిఫారానికి కొంగు లేదని గుర్తొచ్చి మోచేత్తో తుడుచుకుంది. ఎడిటర్ గొంతు సవరించుకున్నాడు. "సార్, మీరేనా? మీరే రాశారా? చాలు సార్. సీరియల్ ఎక్కడికీ పోదు. ఇంకేం అక్కర్లేదు."

కానీ అన్నయ్యకి ఇంకా ఉంది. చాలదన్నట్టు చెయ్యి ఊపాడు. మళ్ళీ వెతుక్కోవడం మొదలుపెట్టాడు. ఈసారి కళ్ళల్లో పాత వెటకారం కదిలింది. చెల్లెలు అది చూసి, ఏం రాబోతోందో తెలిసి, ఏడుస్తూనే నవ్వింది. ఆగింది. అందరూ ఆగారు.

ఎడంచేతి చూపుడువేలు గుండె మీంచి లేచింది. తిన్నగా చెల్లెలి ముక్కు ముందుకొచ్చి ఆగింది.

"చం... పింది," అన్నాడు. ఊపిరి తీసుకున్నాడు. "ఇదే."