లీకుల డాక్టరు కట్టిన కోళ్ల గూడు

ప్లైవుడ్ చెక్కలు వేసుకుని ఆటో ట్రాలీ మా గేటు ముందు ఆగగానే, మిషను మీద సగం కుట్టిన రెయిన్‌కోటును అలాగే వదిలేసి పరుగెత్తాను. కొలతల టేపు ఇంకా మెడలోనే ఉంది.

“ఏమిటే ఆ పరుగు? పెళ్లివారొచ్చారనుకున్నావా?” అన్నాడు మా ఆయన ముందు సీట్లోంచి దిగుతూ.

“పెళ్లివారైతే మెల్లగానే వచ్చేదాన్ని. చెక్కలు పగలకుండా తెచ్చారా లేదా, ముందు అది చెప్పండి.”

పెరట్లో కోళ్ల గూడు కడుతున్నాం మరి! కొన్నాళ్లుగా నాకు తిన్నా పడుకున్నా అదే ధ్యాస. ముందుగదిలోని నా కుట్టు దుకాణానికి ఎవరొచ్చినా గూడు కబుర్లే చెబుతున్నాను. ఆ ధ్యాసలో ఒకాయన చొక్కా చేతుల పొడవు రాయాల్సిన చోట గూడు పొడవు రాసిపెట్టాను. కత్తిరించబోయే ముందు చూసుకోబట్టి సరిపోయింది, లేకపోతే ఆయన చేతులు వీధి చివరిదాకా సాగేవి.

కోళ్లు మా అత్తయ్యవి. ఆవిడ అద్దెకుండే ఇంటిని పడగొడుతుంటే, కోళ్లను చెల్లెలింట్లో వదిలి మా దగ్గరికి వచ్చింది. వచ్చి నెలలవుతోంది గానీ, వచ్చినట్టు లేదు. తెచ్చుకున్న పెద్ద ఖాకీ కాన్వాసు సంచి ఆవిడ మంచం కిందే ఉంటుంది. రోజూ అందులోంచి బట్టలు తీసుకోవడం, ఉతికి ఆరేసి మడతపెట్టి మళ్లీ అందులోనే పెట్టడం, జిప్పు బర్రున లాగెయ్యడం. ఆ జిప్పు చప్పుడు వినబడితే నాకు ఒళ్లు మండేది. బీరువాలో ఒక అర ఖాళీ చేసిస్తానంటే వినదు.

“ఎందుకులే అమ్మాయ్, వానలు ముదరకముందే చెల్లెలి దగ్గరికి పోతాగా. నా కోళ్లు అక్కడున్నాయి” అనేది.

ఆవిడ వెళ్లడం నాకిష్టం లేదు. మొహమాటం లేకుండానే చెబుతున్నాను. నాకు అమ్మ లేదు. మా ఆయన మంచివాడే, కాకపోతే పొద్దున అడిగినదానికి సాయంత్రం జవాబిచ్చే రకం. అత్తయ్య వచ్చాకే మా ఇంట్లో మాటకు మాట దొరుకుతోంది. నేను కుట్టిన బట్టను తిరగేసి చూసి, “ఈ కుట్టు కళ్లు మూసుకుని వేశావా?” అని అడిగే ధైర్యం ఇంకెవరికుంది? ఆవిడతో ఒక పూట పోట్లాడి, ఆ తర్వాత ఇద్దరం కలిసి టీ తాగకపోతే నాకు పొద్దు గడవడం లేదు.

అందుకే ఒకరోజు టీ తాగుతూ అనేశాను. “అత్తయ్యా, కోళ్లే ఇక్కడికొస్తే?”

ఆవిడ మొహం వెలిగింది. వెంటనే సర్దుకుని బింకంగా కూర్చుంది.

“తడిస్తే వాటికి రొంప పడుతుంది. చెల్లెలి కొట్టం గట్టిది. ఇక్కడ ఒక్క వానకి గూట్లో తడి కనబడిందా, ఆ రోజే వాటినీ తీసుకుపోతా, నేనూ పోతా. ముందే చెబుతున్నా.”

“తడా?” అన్నాడు మా ఆయన, ఆ రోజుకి మొదటిసారి నోరు తెరిచి. “నేనుండగానా?”

ఆ మాట అనే హక్కు ఆయనకుంది. బస్సు డిపోలో బాడీ రిపేర్లు చేస్తాడు. వానకు కారే బస్సుల్ని వరసపెట్టి ఈయన దగ్గరికే తోలుకొస్తారు. ఈయన లోపల కూర్చుని, పైనుంచి నీళ్లు కొట్టించి, చుక్క ఎక్కడ దిగుతోందో వేలు పెట్టి చూపిస్తాడు. డిపోలో అందరూ ఆయన్ని లీకుల డాక్టరనే పిలుస్తారు. ఆ పేరంటే ఆయనకు లోలోపల మహా గర్వం.

చెక్కలు దిగిన గంటకల్లా పెరడంతా రంపం పొట్టే. గూటిని నేలకు తగలనివ్వకుండా ఇటుక దిమ్మల మీద ఎత్తుగా నిలబెట్టాం. కప్పు మీది రేకును వెనక్కి వాలుగా వేసి, చూరు మూరెడు బయటికి వదిలాడు మా ఆయన. గూటి ముందు కోళ్లు తిరగడానికి నాలుగువైపులా ఇనుప జాలీ కొట్టి, సగం మీద రేకు కప్పాం. దానికి నేను జాలీ వాకిలి అని పేరు పెట్టాను. జాలీని నేల దాకా తెచ్చి మేకులు కొట్టబోతుంటే, అప్పటిదాకా కుర్చీలో ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్న అత్తయ్య ఇక ఆగలేకపోయింది.

“ఒరేయ్, అక్కడితో ఆపేస్తే కుక్క మట్టి తవ్వుకుని లోపలికి రాదూ? ఇంకాస్త దించి, బయటివైపుకి మడిచి పాతెయ్!”

అని తనే లేచి, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, పాతిన చోట మట్టిని కాలితో తొక్కింది. నేను కోళ్లు కూర్చునే అడ్డకర్రను గరుకు కాగితంతో రుద్ది అద్దంలా మెరిపిస్తే, “అంత నున్నగా ఉంటే జారి పడతాయి, నీ అందం తగలెయ్య” అని తిట్టింది. ఆ తిట్టు నాకు ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను. వెళ్లిపోయే మనిషి అలా తిట్టదు కదా అనుకున్నాను.

మా ఆయన సంగతి చెప్పనే అక్కర్లేదు. సందు కనబడితే చాలు, సీలెంటు పిండేస్తున్నాడు. చెక్కల అతుకులు, మేకుల తలలు, కప్పు అంచులు, ఏదీ వదల్లేదు. పాత బస్సు కిటికీ అద్దమొకటి వెలుతురు కోసం పక్క గోడకు కదలకుండా బిగించాడు. తలుపు చుట్టూ రబ్బరు బీడింగు అంటించాడు. తలుపు మూస్తే ఫ్రిజ్జు తలుపు మూసినట్టు మెత్తగా పట్టేసింది.

“నీళ్లు కొట్టు” అన్నాడు నాతో, పైపు చేతికిచ్చి. పాత పేపరొకటి పట్టుకుని, అంత మనిషీ గూట్లోకి దూరాడు. మోకాళ్లు గడ్డానికి తగిలించుకుని ఎలా పట్టాడో నాకిప్పటికీ ఆశ్చర్యమే. తలుపు మూసి, కప్పు మీద, గోడల మీద, మూలల్లో పైపుతో కుమ్మేశాను. అత్తయ్య “ఆ మూల! ఇంకా ఆ మూల!” అని అరుస్తూ చప్పట్లు కొట్టింది.

చివరికి తలుపు తెరిస్తే పేపరు కరకరలాడుతోంది. ఒక్క చుక్క పడలేదు. మా ఆయన మాత్రం పిండేలా తడిసిపోయాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది, గడ్డం మీంచి చెమట ధారగా కారుతోంది.

“పేపరు పొడి, మనిషి తడి!” అని నవ్వాను. అత్తయ్య కళ్లనీళ్లు పెట్టుకుని మరీ నవ్వింది. ఆ నవ్వులో ముగ్గురికీ బుర్ర పనిచెయ్యలేదు.

మర్నాడే కోళ్లు బుట్టల్లో దిగాయి. ముందు నడిచేదాన్ని అత్తయ్య ‘పెత్తనం’ అని పిలుస్తుంది, పేరుకు తగ్గట్టే అది దిగీ దిగగానే మా ఆయన చెప్పును పొడిచింది. వెనక కుంటుతూ వచ్చేది కుంటమ్మ. మిగతావన్నీ పెత్తనం ఎటు తిరిగితే అటు తిరిగేవే. గూట్లో రంపం పొట్టు మందంగా పరిచాం. సాయంత్రం మబ్బు కమ్మి చినుకులు మొదలవగానే అన్నీ బుద్ధిగా లోపలికెళ్లి అడ్డకర్ర మీద సర్దుకున్నాయి. తలుపు వేసి, ముగ్గురం వంటింటి గుమ్మంలో నిలబడి వాన చూశాం. రేకు మీద టపటపలు వింటుంటే నాకు గంతులెయ్యాలనిపించింది.

“పడనీ! ఇంకా పడనీ!” అన్నాడు మా ఆయన వానతో.

పొద్దున్నే గూటి తలుపు తెరిచింది అత్తయ్యే. తెరిచి, పక్కకు జరిగింది. కప్పు లోపలివైపంతా నీటి బొట్లు. మేము చూస్తుండగానే ఒకటి జారి పెత్తనం నడినెత్తిన పడింది. కింద పొట్టు తడి తడిగా ఉంది. కళ్లు మండేంత ఘాటు బయటికి కొట్టింది. కుంటమ్మ తుమ్మింది.

మా ఆయన నిచ్చెన వేసుకుని, ఆ తుంపర్లోనే రేకు మీదికెక్కి, అంగుళం అంగుళం తడుముతూ కన్నం కోసం వెతకడం మొదలుపెట్టాడు. అత్తయ్య లోపలికెళ్లి చెల్లెలికి ఫోన్ చేసింది. “ఆ, ఎండ రాగానే. బుట్టలు ఇక్కడే ఉన్నాయిలే” అనడం నాకు వినబడింది. తర్వాత మంచం కింది సంచి మంచం మీదికొచ్చింది.

తిట్టినా బాగుండేది.

నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. ఎవరి మీద కోపమో తెలియక దుకాణంలోకి పోయి ధడాలున కూర్చుని ఆ సగం రెయిన్‌కోటే ముందేసుకున్నాను. చంకల కింద చిన్న చిన్న రంధ్రాలు పెట్టి ఇత్తడి రింగులు బిగించాలి. ఒకప్పుడు పెట్టేదాన్ని కాదు. బళ్ల మీద తిరిగేవాళ్లు కోట్లు వెనక్కి తెచ్చి “కారుతోందమ్మా” అని గొడవ చేసేవారు. కుళాయి కింద పెట్టి చూస్తే కారేది కాదు. చివరికి తేలిందేమిటంటే అది వాన కాదు, వాళ్ల...

రింగు చేతిలోంచి జారిపోయింది. పేపరు పొడి, మనిషి తడి!

మళ్లీ పరుగే. ఈసారి చెప్పులు కూడా లేవు.

“ఏమండీ, దిగండి! అక్కడ కన్నం లేదు!”

“లేకపోతే నీళ్లెక్కణ్ణుంచొచ్చాయే?”

“లోపల్నించి! కోళ్ల ఊపిరండీ అది! కిటికీలన్నీ మూసిన బస్సులో జనం కిక్కిరిసి కూర్చుంటే అద్దాలకి ఏం పడుతుంది?”

ఆయన రేకు మీద అలాగే కూర్చుండిపోయాడు. సాయంత్రం దాకా ఆగకుండా వెంటనే జవాబిచ్చాడు, అది చాలు నాకు. “ఆవిరి” అన్నాడు. “కిందికి కారుతుంది.”

“ఆవిరి పోవడానికి దారి లేదు. మీరు ఉంచలేదు. చూరు కింద చిల్లులు పెట్టండి.”

“చిల్లులా?” ఆయన గొంతు పైకి లేచింది. “నన్ను చిల్లులు పెట్టమంటున్నావా? జీవితమంతా మూసినవాణ్ణి! డిపోలో తెలిస్తే...”

“డిపోని రమ్మనండి, వాళ్లని కూడా గూట్లో కూర్చోబెడదాం!” అని నేనే డ్రిల్లు అందుకుని, చూరు నీడలో చెక్కకు ఆనించి నొక్కాను. అది గిర్రున తిరిగి, పక్కకు జారి, నున్నని చెక్క మీద వంకర గీత గీసింది. ఆయన ఒక్క అంగలో నిచ్చెన దిగాడు.

“జరుగు, జరుగు. చేసేదేదో తిన్నగా చెయ్యాలి.”

ఇక చూడాలి ఆయన హుషారు! చిల్లులు కాదు, చూరు కింద ఈ గోడకూ ఆ గోడకూ పొడుగాటి కంతలే కోశాడు. వాన లోపలికి కొట్టకుండా చూరుకు బాగా దగ్గరగా, గాలి కోళ్ల వీపులకు తగలకుండా అడ్డకర్ర కంటే ఎత్తున. ఎలుక దూరకుండా వాటికి సన్నకన్ను జాలీ బిగించాడు. నేను తడి పొట్టంతా ఎత్తిపోసి కొత్తది పరిచాను. అత్తయ్య గుమ్మంలోంచి చూస్తోంది గానీ దగ్గరికి రాలేదు. ఎండ ఇంకా రాలేదు కాబట్టి బుట్టలూ కదల్లేదు. సాయంత్రానికి మళ్లీ వాన అందుకుంది, ఈసారి గాలి కూడా తోడొచ్చింది.

తెల్లవారాక ఆవిడకంటే ముందే పెరట్లోకి వెళ్లి నిలబడ్డాం మేమిద్దరం, పరీక్ష ఫలితాలకు వచ్చిన పిల్లల్లా. తలుపు తెరిచే ధైర్యం మాత్రం చెయ్యలేదు. ఆవిడే వచ్చి తెరిచింది. పెత్తనం దిగ్గున దూకి దారి తియ్యమన్నట్టు అరిచింది. అత్తయ్య గూట్లోకి వంగి కప్పును అరచేత్తో నిమిరింది. పిడికెడు పొట్టు తీసి, వేళ్ల సందుల్లోంచి వదిలి, ఊదింది. అది గాల్లోకి లేచి మా ఆయన మీసాల మీద వాలింది.

“పొడే” అన్నాడు ఆయన, దాన్ని తుడుచుకోకుండానే.

ఆవిడ జాలీ వాకిలి వైపు చెయ్యి చూపించింది. “అటుపక్క జల్లు కొట్టింది. దాణా తొట్టి నానిపోయింది, చూడు.”

నిజమే. గాలి వచ్చే వైపు తెర కావాలి. దుకాణంలో ఉన్న టార్పాలిన్ ముక్కలన్నీ ముందేసుకుని, అంచు మడిచి కుట్టుకుంటూ పోయాను. బయట పల్చగా ఎండ వస్తోంది. ఎండ రాగానే వెళ్తానని చెల్లెలితో అన్న మాట నాకు గుర్తుంది. తెర దాదాపు అయిపోవచ్చింది గానీ, ఒక పక్క బారెడు గుడ్డ తక్కువైంది. అత్తయ్య గదిలోంచి జిప్పు చప్పుడు బర్రున వినిపించింది. నా కాలు మిషను మీదే ఆగిపోయింది. తలెత్తలేదు. ఎత్తితే ఏడుస్తానని తెలుసు.

ఖాకీ గుడ్డ దబ్బున నా మిషను మీద పడింది.

ఆవిడ సంచి. నోరు తెరుచుకుని, ఖాళీగా ఉంది.

“ఇది చాలుతుందేమో చూడు. గట్టి గుడ్డ, ఎంత వానకైనా ఆగుతుంది.”

“అత్తయ్యా... మరి మీ బట్టలు?”

“బీరువా కింది అరంతా నీ పనికిరాని గుడ్డపేలికలే. అవన్నీ తీసి బయట పారేశా. వెళ్లి ఏరుకో.” నా చేతికి కత్తెర అందించింది. “అలా చూస్తావేం? కొయ్యి. మళ్లీ మబ్బు పడుతోంది.”