చల్లారని గ్లాసు

తెల్లవారుజామున ఐదున్నరకల్లా కళ్యాణి వసారాలో బకెట్లు వరసకట్టేస్తాయి. నీలం బకెట్టు పక్కింటి రెబెక్కాది. పిడి ఊడిపోయి తాడు కట్టినది ఎదురింటి రాధారాణిది. జనవరి చలికి ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో కుళాయి నీళ్లు వేళ్లు కొరికేస్తాయి. కళ్యాణి పీట వేసుకుని కూర్చుని, ఒక్కో బకెట్లో మోచేతి దాకా చెయ్యి ముంచుతుంది. రెండు నిమిషాలు తిరక్కుండా నీళ్లు పొగలు కక్కుతాయి. వర్క్‌షాపు సైరన్ కూసేలోగా లైనులో మగాళ్లందరి స్నానాలూ అయిపోవాలి. ఆలస్యమైతే గొణుగుతారు.

"నిన్న గోరెచ్చగా ఇచ్చినావొదినా. మా ఆయన వొణుక్కుంటా పోనాడు" అంది రాధారాణి.

"నిన్న నాకు నిద్ర నేదే. ఇయాల మరగబెట్టి ఇస్తాను, తోలూడిపోద్ది మీ ఆయనకి."

దసరా వెళ్లాక మొదలైంది కళ్యాణి చేతి వేడి. ఉన్నట్టుండి గుండెల్లోంచి సెగ లేచేది, మెడ మీద చెమటలు కారేవి, తర్వాత ఆ సెగంతా చేతుల్లోకి దిగేది. ఆమె మొగుడు గోవిందరావు వర్క్‌షాపులో ఫిట్టరు. గ్యాసు బండ ఇంకో పది రోజులు ఎక్కువ వస్తోందని సంతోషించాడు తప్ప మరో మాట అనలేదు. కూతురు పూజది దీనికి సరిగ్గా ఎదురు. సాలువాలో కాపురముంటున్న ఆ పిల్లకి ఇప్పుడు ఆరో నెల. కడుపు నిలిచిన దగ్గర్నుంచీ ఆమె పట్టుకున్న నీళ్లు మంచుగడ్డలైపోతున్నాయి. అత్తగారు చేపలు తెచ్చి కోడలి పక్కన పెట్టుకుంటోంది, అల్లుడు మాత్రం ఐదు నెలలుగా చల్లటి టీయే తాగుతున్నాడు.

వచ్చే నెల పూజకి సీమంతం. సూడిదలు పట్టుకెళ్లాలి, చలిమిడి చెయ్యాలి, గాజులు కొనాలి. ఇన్ని పనుల మధ్య కళ్యాణిని ఒకే ఒక్క సంగతి తినేస్తోంది. ఆమెకి నెలసరి తప్పి మూడు నెలలైంది.

నలభై ఏడేళ్ల వయసు. జుట్టు సగం నెరిసింది. కూతురికి సూడిదలు పెట్టాల్సిన మనిషి, కూతురితో పాటు తనూ గాజులు తొడిగించుకుంటే లైనంతా ఏమనుకుంటుంది? అల్లుడి మొహం ఎలా చూడాలి? గోవిందరావుకి చెబుదామని నాలుగుసార్లు నోరు తెరిచి, నాలుగుసార్లూ "కూరలో ఉప్పు సరిపోయినాదా?" అని అడిగి ఊరుకుంది.

పరీక్ష చేసుకుందామంటే గోల్‌బజారులో ప్రతి మందుల దుకాణం ముందూ తెలిసిన తెలుగు మొహం ఒకటుంటుంది. అందుకని టోటో అనే బ్యాటరీ రిక్షా ఎక్కి మలంచా పోయింది. అక్కడి దుకాణంలో ఒక ముసలాయన కూర్చున్నాడు. కళ్యాణి కొంగు నెత్తి మీదికి లాక్కుని, బెంగాలీలో గొంతు తగ్గించి, మూడు నెలలుగా నెలసరి రాలేదనీ, ఇంట్లో చేసుకునే పరీక్ష కావాలనీ చెప్పింది. ఆయన ఆమె మొహం చూశాడు, కొంగు దాటొచ్చిన నెరిసిన జుట్టు చూశాడు. ఒక పెట్టె తీసి కాగితంలో చుట్టిచ్చాడు. ఎందుకైనా మంచిదని ఆమె దాన్ని దారిలో విప్పి చూడను కూడా లేదు.

పెట్టె మీదా లోపలి కాగితం మీదా బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు ఉన్నాయి. కళ్యాణి బెంగాలీలో చేపల బేరం ఆడగలదు, హిందీలో టీటీతో పోట్లాడగలదు. చదవడం మాత్రం తెలుగొక్కటే వచ్చు. అయినా చదివేదేముంది? పూజ పరీక్ష చేసుకున్నప్పుడు తను పక్కనే ఉంది కదా. ఒక గీత వస్తే లేదు, రెండొస్తే ఉంది.

మర్నాడు పొద్దున్నే చూసుకుంది. రెండు గీతలు, రెండూ ముదురు రంగులో వచ్చాయి.

స్నానాల గదిలో నేల మీద అలాగే కూలబడిపోయింది. తన చెయ్యి కాగుతోందని, పూజ చెయ్యి చల్లబడుతోందని ఆ క్షణాన గుర్తు రావాలి నిజానికి. కానీ భయం డ్యూటీకి ఎక్కితే బుద్ధి సిక్ లీవు పెట్టేస్తుంది. పైగా దుకాణంలో కొన్న పరీక్ష అబద్ధం చెబుతుందా?

ఏడుపు ఆపుకోలేక రాధారాణికి చెప్పుకుంది. రాధారాణిది మంచి మనసే, కాకపోతే మంచి మనసున్నవాళ్ల సలహాలకి పగ్గాలుండవు. ఎవరో తెలిసిన ఆయమ్మ దగ్గర్నుంచి కడుపు పోయే మాత్రలు తెచ్చి పెట్టింది. "మొదట ఇది మింగీ వొదినా. రేపు మిగిలినియ్యి. మూడో మనిషికి తెల్దు" అంది.

గోవిందరావు సైకిలెక్కి వెళ్లిపోయాక, పది గంటల వేళ, కళ్యాణి వంటగదిలో గ్లాసు నిండా నీళ్లు ముంచుకుంది. దేవుడి పటం వైపు చూడకుండా మాత్ర నాలుక మీద పెట్టుకుంది. గ్లాసు ఎత్తేసరికి నీళ్లు కుతకుతా ఉడుకుతున్నాయి. పెదవి చుర్రుమంది. మాత్ర అరచేతిలోకి ఉమ్మేసి, గ్లాసు గట్టు మీద పెట్టి, చల్లారాక మళ్లీ ఎత్తింది. మళ్లీ మరిగాయి. మూడోసారి గ్లాసుకి కొంగు చుట్టి పట్టుకుంది. కొంగులోంచే ఆవిరి లేచింది. చెయ్యి తీసేసి, గట్టు మీదే వదిలేసి, ఊదుకుంటూ నిలబడితే, ఈసారి ముట్టుకోకపోయినా చల్లారనంది గ్లాసు.

"ఏటే అది? ఎవుల్ని తిడతన్నావు?" అంటూ అత్త దాలమ్మ వచ్చింది. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి, గోడ పట్టుకుని నడుస్తుంది గాని చూపు మాత్రం సూదే. కోడలి అరచేతిలో కరుగుతున్న మాత్ర చూసింది, కాలిన పెదవి చూసింది.

"సెప్పీ" అంది.

కళ్యాణి చెప్పేసింది. మూడు నెలల భయం మూడు నిమిషాల్లో బయటికొచ్చేసింది. దాలమ్మ ఓపిగ్గా విని, చివర్న నెత్తి కొట్టుకుంది.

"ఓలమ్మో! నీకేటి బుర్ర పనిసెయ్యట్లేదేటే? కడుపుతో ఉంటే నీళ్లు మంచయిపోతాయి గాని మరుగుతాయా? పూజమ్మ కడుపున పడ్డప్పుడు, రోహిణి కార్తె ఎండల్లో, లైను లైనంతా నీకాడ కుండలు పెట్టినోరు కాదేటి?"

"మరి రెండు గీతలొచ్చినాయి కదత్తా!"

"గీతల సంగతి నాకు తెల్దు. నాకూ ముట్లుడిగే ముందు నాలుగేళ్లు కాగినాది సెయ్యి. అప్పుడు నాకెవులూ సెప్పనేదు. నానూ నీకు సెప్పనేదు, అదీ నా తప్పు. ఆ రెబెక్కమ్మని పిల్సుకురా. ఆ డబ్బా కూడా తే."

రెబెక్కా నర్సింగ్ హోములో నర్సు. రాత్రి డ్యూటీ చేసి పడుకున్నదల్లా కళ్లు నులుముకుంటూ వచ్చింది. పెట్టె తిప్పి చదివింది. పెదవులు బిగబట్టుకుంది గాని నవ్వు ఆగలేదు.

"పిన్నీ, ఇది కడుపు సూసే పరీక్ష కాదు. నెలసరి ఆగిపోయే దశ వచ్చిందో లేదో సూసేది. ఒక హార్మోను ఉంటది. ఆ రోజులు దగ్గరపడితే అది పెరుగుద్ది, అప్పుడే ఈ రెండో గీత ఇంత ముదురుగా వస్తది. ఆ దుకాణం తాతయ్య నీ జుట్టు సూసి ఇచ్చీసుంటాడు."

పాపం, పరీక్ష అబద్ధం చెప్పలేదు. వేరే ప్రశ్నకి నిజమైన జవాబు చెప్పింది, అంతే.

"అంటే... నేదా?" అంది కళ్యాణి.

"నర్సుని కదా, నోటిమాట మీద సెప్పను" అని రెబెక్కా ఇంటికెళ్లి అసలు కడుపు పరీక్ష పట్టుకొచ్చింది. ముగ్గురూ గడియారం ముందు కూర్చున్నారు. ఐదు నిమిషాలకి ఒక గీత వచ్చింది. ఇంకో ఐదు నిమిషాలు చూశారు. ఆ ఒక్కటే.

కళ్యాణి అత్త భుజం మీద మొహం పెట్టి ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. గుండె మీంచి గూడ్సు బండి దాటిపోయినంత తేలికైంది ఆమెకి.

"అయితే నాకు ఆగిపోయినట్టేనా రెబెక్కా?"

"ఇంకా నేదు పిన్నీ. ఈ హార్మోను ఒకరోజు ఎక్కుద్ది, ఒకరోజు దిగుద్ది. ఒక్క పరీక్షతో తేలదు. వారం పోయాక ఇంకోసారి సూద్దాం. కేలండర్లో తేదీలు రాసుకో, సెగలొచ్చిన రోజులు కూడా రాయి. ఏడాది పాటు అసలు రాకపోతే అప్పుడు ఆగినట్టు లెక్క. ఈలోగా నెలసరి వచ్చినా రావొచ్చు, కడుపు రాకుండా జాగ్రత్త కూడా పడాలి. లేడీ డాక్టరు దగ్గరికి నానే తీసుకెళ్తాను."

"తెలిసింది" అంది దాలమ్మ. "బండి అవుటర్ సిగ్నల్ కాడ నిలబడ్డాది. టేసన్‌లోకి ఇంకా రానేదు."

రెబెక్కా నవ్వబోయి, గట్టు మీదున్న మాత్రల అట్ట చూసి ఆగిపోయింది. తీసి వెనక్కి తిప్పి చదివింది. ఆమె మొహంలో నిద్రంతా ఎగిరిపోయింది.

"ఇయ్యి ఎవరిచ్చినారు పిన్నీ? నీకు బీపీ ఉంది, రక్తం పల్చబడే మాత్ర వేసుకుంటన్నావు. డాక్టరు సూడకుండా ఇయ్యి మింగితే రక్తం ఆగదు. మొన్న ఒకామెని మా దగ్గరికి తెచ్చేసరికే ఆలస్యమైపోయింది." ఆమె కళ్యాణి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నిజం సెప్పు. ఎన్ని మింగినావు?"

"ఒక్కటీ నేదే. రాధారాణి తెచ్చి ఇచ్చినాది. మింగుదామనే అనుకున్నాను. నీళ్లు సల్లారనేదు."

దాలమ్మ వంగి కోడలి చేతుల్ని రెండూ తన చేతుల్లోకి తీసుకుని, కళ్లకి అద్దుకుంది. అత్తగారు తన చేతులు కళ్లకద్దుకోవడం ఇరవై ఐదేళ్ల కాపురంలో కళ్యాణి ఎప్పుడూ చూడలేదు. రెబెక్కా మాత్రలు కాగితంలో చుట్టి తన జేబులో వేసుకుంది. రాధారాణికి తను చెప్పాల్సిన నాలుగు మాటలున్నాయంటూ గుమ్మం దాటింది.

మధ్యాహ్నం గోవిందరావు భోజనానికొచ్చాడు. కళ్యాణి వడ్డించి, ఎదురుగా కూర్చుని, ఉప్పు గురించి అడగకుండా అంతా చెప్పింది. అతను ముద్ద చేతిలోనే పట్టుకుని విన్నాడు. చివరికి "నాకు సెప్పకుండా ఒక్కదానివే మోసినావేటి ఇన్నాళ్లూ?" అన్నాడు. లేచి కేలండరు మేకు మీంచి తీసుకొచ్చి, పెన్ను వెతకడం మొదలుపెట్టాడు.

వంటగది గట్టు మీద గ్లాసు పొద్దుటి నుంచీ అలాగే ఉంది. కళ్యాణి వెళ్లి చెయ్యి వేసి చూసింది. నీళ్లు చల్లగా ఉన్నాయి. అక్కడే నిలబడి ఆఖరి చుక్క దాకా తాగేసింది.