నేలకి ఆరంగుళాలు

పొద్దున లేవగానే అమ్మ చేసే మొదటి పని కొలత. టేపు ఒక చివర నేలకి ఆనించి, రెండో చివర కూతురి మడమ దాకా లాగుతుంది. ఆరంగుళాలు. నిన్నా ఆరే, మొన్నా ఆరే. బడిలో చేర్పించే రోజుకి ఇంకా పదకొండు రోజులే ఉన్నాయి.

ఆ ఊళ్ళో పిల్లలు నిలబడేది మాటల బరువుతో. ఇంట్లో మాటలు బాగా విన్న పిల్లల కాళ్ళు నేలకి ఆనతాయి, విననివాళ్ళు తేలతారు. బల్లమీద కుదురుగా కూర్చోలేని పిల్లని టీచరమ్మ చేర్చుకోదు. "వచ్చే ఏడు తీసుకురండి" అంటుంది, పెన్ను మూత పెడుతూ.

పక్కింటి నర్సు కొడుకు నడిస్తే వీళ్ళింట్లో గిన్నెలు గలగలమంటాయి. నర్సు డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పేలోపే వార్డు కబుర్లన్నీ వాడి చెవిలో పోసేస్తుంది.

ఈ ఇంట్లో అలా కాదు. నాన్న లారీ డ్రైవరు, వారానికోరోజు వస్తాడు, ఆ రోజంతా నిద్రే. అమ్మ పొద్దస్తమానం కుట్టుమిషను ముందు, పళ్ళమధ్య గుండుసూదులు పెట్టుకుని. ఏమడిగినా "ఊఁ", లేదంటే "ఊఁహూఁ". పిల్ల అలిగినా నోటితో టకటకమని మిషను చప్పుడే చేస్తుంది.

అమ్మ గౌను అంచులో ఇనప వాషర్లు పెట్టి కుట్టింది. గౌను సాగింది. పిల్ల దిగలేదు.

"గౌనుకి బరువు కడితే పిల్లకి వస్తుందా వదినా?" అంది నర్సు గుమ్మంలోంచి. "ముందు ఆ సూదులు తీసి నాలుగు మాటలు చెప్పు."

అమ్మ సూదులు తీసింది. "ఏం చెప్పను? మా అమ్మ నాకేం చెప్పింది గనక."

"మరి నువ్వెలా దిగావు?"

"మా అత్త తిట్లకి."

నర్సు నవ్వింది. అమ్మ నవ్వలేదు.

మర్నాటినుంచి సూదులు మణికట్టుకి కట్టుకున్న గుడ్డలో గుచ్చుకుంది.

"ఇది దారం."

"తెలుసు" అంది పిల్ల.

"తెల్ల దారం."

"తెలుసు."

అమ్మకి చెమట పట్టింది. చేతిలో ఉన్న చొక్కా ఎత్తి చూపించింది. "ఇది పోస్టుమాస్టరు గారిది. ఆయనకి ఒక భుజం ఎత్తు, ఒకటి పల్లం."

"ఎందుకు?"

ఎందుకో అమ్మకీ తెలీదు. తోచింది చెప్పింది. పిల్ల మళ్ళీ "ఎందుకు" అంది. ఆ సాయంత్రం టేపు పెడితే అయిదున్నర. అమ్మ నమ్మలేక రెండుసార్లు కొలిచింది. ఇంక ఆగలేదు. పొడుగు కాళ్ళ కరెంటాయన గురించి, జేబులు వద్దనే లాయరమ్మ గురించి చెబుతూనే ఉంది. గొంతు బొంగురుపోయింది, రెండు చొక్కాల చేతులు తారుమారయ్యాయి.

పదకొండోరోజు పొద్దున టేపు అంగుళం చూపించింది. ఇంకో రెండురోజులుంటే చాలు, కానీ లేవు.

బళ్ళో పిల్ల బల్లకి అంగుళం పైన కూర్చుంది. టీచరమ్మ ఓడ బొమ్మ పెట్టింది. "ఇదేంటి?"

పిల్ల ఎప్పుడూ చూడలేదు. నెమ్మదిగా ఇంకో అంగుళం లేచింది. పెద్దవాళ్ళు జవాబు అందివ్వకూడదని రూలు. గుమ్మం దగ్గర అమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది.

టీచరమ్మ పెన్ను మూత అందుకుంది.

"టీచర్, అది తిరగేసిన చెప్పా?"

టీచరమ్మ చెయ్యి ఆగింది. ఇన్నేళ్ళలో ఆ బల్లమీంచి ఎవరూ ఏమీ అడగలేదు. అడిగేది ఎప్పుడూ ఆవిడే.

"కాదు. ఓడ. నీళ్ళమీద పోతుంది."

"మునగదా?"

"మునగదు. లోపల బోలుగా ఉంటుంది."

పిల్ల అంగుళం దిగింది. "అయితే అందులో ఎవరికి చొక్కాలు కుడతారు?"

టీచరమ్మ కుర్చీ దగ్గరకి లాక్కుంది. వరసలో జనం గొణుగుతున్నా ఆవిడ చెబుతూనే ఉంది, పిల్ల అడుగుతూనే ఉంది. ఎప్పుడు ఆనిందో ఎవరూ చూడలేదు. బల్ల కిర్రుమంది, అంతే.

టీచరమ్మ రిజిస్టరులో పిల్ల పేరు రాసి, బొమ్మలన్నీ సొరుగులో పడేసింది. తర్వాత వచ్చిన పాపని, నడుముకి తాడు కట్టి, వాళ్ళ నాన్న పట్టుకొచ్చాడు, గాలిపటంలా. "తాడు విప్పండి" అంది ఆవిడ. పాప వైపు తలెత్తి చూసింది.

"నన్నేమైనా అడుగమ్మా. నీ ఇష్టం."

పాప పైనుంచి ఆవిడ వంక చూసి, నోరు తెరిచింది.