అద్దాల బీరువా

"కర్ర తెచ్చావా?" అన్నాను తలెత్తకుండానే.

"అవునండి. కళ్ళు లేనివాళ్ళ కోసమండి. ముందు ఏదైనా అడ్డమొస్తే కూత పెడుతుందండి" అన్నాడు బాబి. ఎమ్.టెక్‌లో కొత్తగా చేరిన కుర్రాడు.

మళ్ళీ కర్రే. తెనాలి నుంచి వేమూరు పోయే దారిలో పొలాలు పూడ్చి కట్టిన కాలేజీ మాది. వికలాంగులకి పనికొచ్చే పరికరాలు పిల్లల చేత చేయించడం నా ఉద్యోగం. ఏ బ్యాచ్ వచ్చినా, ప్రతి మేధావికీ మొదట తట్టేది కర్రే. దాని కూతకి వీధి కుక్కలు కూడా జడుసుకుంటాయి. అయినా పరిశోధన చేసేశామని మురిసిపోతారు.

"ఎంతమంది కళ్ళు లేనివాళ్ళతో మాట్లాడావు నాయనా?"

"ఎవరితోనూ లేదండి. నేనే కళ్ళకి గంతలు కట్టుకుని కారిడార్‌లో నడిచి చూశానండి. గుండె తరుక్కుపోయిందండి."

"నీ మొహం తరుక్కుపోయింది! గంతలు కట్టుకుంటే కళ్ళు లేనివాడివి అయిపోవు, గంతలు కట్టుకున్న వెధవ్వి అవుతావు. పో. ముందు మనిషిని వెతుక్కో. వాళ్ళింటి చుట్టూ నెల్లాళ్ళు తిరిగి, ఏం కావాలో కనుక్కుని, అప్పుడు రా."

మొహం మాడ్చుకుని పోయాడు. కుసుమకుమారి మేడమ్ నోరు మంచిది కాదని కాలేజీ అంతా చెప్పుకుంటారు. మంచిది కాదు, నిజమే. చిన్నప్పుడు నాకు పోలియో వచ్చి ఎడమ కాలికి ఇనుప క్యాలిపర్ పడింది. దాన్ని ఈడ్చుకుంటూ రోజూ బాపట్ల నుంచి పాసింజర్‌లో వచ్చిపోతాను. 'వికలాంగుల సాంకేతిక పరిశోధన కేంద్రం' అని నిలువెత్తు బోర్డు రాయించి, ఆ కేంద్రాన్ని రెండో అంతస్తులో పెట్టిన ఘనులు మావాళ్ళు. లిఫ్టు లేదు. అడిగితే మా హెచ్‌వోడీ రత్నం గారు, "మీకు పట్టుదల ఎక్కువ కదా మేడమ్, ఎక్కేస్తారు" అంటాడు. అది పొగడ్త అనుకుంటాడు కూడాను.

ఆ రత్నం గారి ప్రాణం ఒక అద్దాల బీరువాలో ఉంది. పిల్లలు చేసిన ప్రతి పరికరమూ వైవాకి ముందు అందులో చేరాలి. చేరితేనే ఆయన సంతకం, సంతకం పడితేనే డిగ్రీ. ఎవరి కోసం చేశారో ఆ మనిషిని ఒకసారి పిలిపిస్తారు. వస్తువు చేతికిస్తారు, ఫోటో తీస్తారు, మళ్ళీ చేతిలోంచి తీసేసుకుంటారు. ఫోటో గోడెక్కుతుంది, వస్తువు బీరువాలోకి పోతుంది, మనిషి బస్టాండుకి పోతాడు. లోపలికి వెళ్ళింది బయటికి వచ్చిన పాపాన పోలేదు. ఇదంతా సేవ అని రత్నం గారు ప్రతి మీటింగులోనూ చెబుతాడు. వింటుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది.

బాబి చేరిన ఆ రెండువేల ఏడులో నా పిల్లల్లో మనిషి పని చేసింది హుమేరా ఒక్కతే. తెనాలిలో గడియారాలు బాగుచేసే నన్నే సాహెబ్ గారి కూతురు. నోట్లో నాలుక లేని పిల్ల. అదీ మొదట కర్రే పట్టుకొచ్చింది, నా చేత చీవాట్లూ తింది. తిన్నాక మటుకు ఏడుస్తూ కూర్చోలేదు, "ఎవరి దగ్గరికి వెళ్ళమంటారు మేడమ్?" అంది.

తెనాలి స్టేషను బయట ఎండుచేపలు అమ్మే రత్తాలు దగ్గరికి పంపాను. రత్తాలుది రేపల్లె అవతల సముద్రం వైపు పాలెం. కొడుకు మస్తానయ్య పడవ మీద వేటకి పోతే వారం దాకా రాడు. కోడలు లక్ష్మీతిరుపతమ్మకి పుట్టుకతోనే చెవులు వినపడవు. ఇంట్లో చంటిపిల్ల. రత్తాలు బుట్టెత్తుకుని బయటికెళితే కోడలు ఒక్కతే. వాకిట్లో ఎండేసిన నెత్తళ్ళ చేపల్ని కాకులెత్తుకుపోకుండా కాపలా కాయాలి, లోపల ఉయ్యాల చూసుకోవాలి. ఒకనాడు వాకిట్లో ఉండగా లోపల పిల్ల ఉయ్యాల గుడ్డలో చిక్కుకుని, గొంతు పోయేదాకా ఏడ్చింది. రత్తాలు వచ్చి చూసేసరికి పిల్ల కమిలిపోయి ఉంది.

"ఇంక లాభం లేదమ్మా. చెవిటిది పిల్లనేం పెంచుద్ది? భట్టిప్రోల్లో నా కూతురికి ఇచ్చేస్తాను, అది పెంచుకుంటది" అంది రత్తాలు నాతో. దుర్మార్గురాలేం కాదు. భయపడిపోయింది, అంతే.

హుమేరా ఆ పాలెం చుట్టూ వేసవంతా తిరిగింది. ఉయ్యాల కర్రకి కట్టే చిన్న డబ్బా ఒకటి, చేతికి కట్టుకునే పట్టీ ఒకటి చేసింది. పిల్ల ఏడిస్తే డబ్బా కనిపెడుతుంది, చేతి మీద పట్టీ వణుకుతుంది. మొదటిసారి కట్టినప్పుడు కాకి అరిచినా వణికింది, పక్కింటి రేడియోకీ వణికింది. లక్ష్మీతిరుపతమ్మ విసుగెత్తి పట్టీ విప్పి చాప మీదికి విసిరికొట్టింది. హుమేరా కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఊరుకో, నువ్వేడిస్తే కూడా వణుకుతుంది" అన్నాను.

మళ్ళీ మొదలుపెట్టింది. పిల్ల ఏడుపుకి తప్ప దేనికీ కదలకుండా చేసింది. పట్టీకి నాన్న కొట్లోంచి మెత్తటి గడియారం బెల్టు తెచ్చి వేసింది. అప్పటి నుంచి రత్తాలు నోట భట్టిప్రోలు మాట రాలేదు. లక్ష్మీతిరుపతమ్మ స్నానానికి తప్ప ఆ పట్టీ విప్పలేదు.

ఇక్కడ రత్నం గారు ప్రవేశించారు.

"ఎల్లుండి ఇన్‌స్పెక్షన్. హుమేరా వైవా కూడా ఆ కమిటీ చేతే పెట్టిస్తున్నాను. పరికరం ఆ పొద్దుటికల్లా బీరువాలో ఉండాలి మేడమ్."

"అది వాడుతున్నారండి."

"వాడటం ఏంటి మేడమ్? అది ప్రాజెక్టు!"

"అది తెచ్చేస్తే ఆ తల్లి దగ్గర పిల్ల ఉండదు. ఇంకోటి చేయిద్దామంటే సామాను హైదరాబాదు నుంచి రావాలి. కాస్త ఆగండి."

"ఇన్‌స్పెక్షన్ ఆగదు కదండీ. వస్తువు లేకపోతే నేను సంతకం పెట్టను. ఆ అమ్మాయి భవిష్యత్తు మీ ఇష్టం" అని నవ్వాడు. పళ్ళు రాలగొట్టాలనిపించింది.

మర్నాడు హుమేరా, నేను రేపల్లె పాసింజరెక్కాం. సంతకం పడకపోతే ఆ పిల్ల రెండేళ్ళ చదువు నీళ్ళపాలు. ఇంట్లో చెల్లెలు సుల్తానాని కూడా చదివించాలో లేదో ఈ డిగ్రీని చూసే తేలుస్తానని నన్నే సాహెబ్ గారు చెప్పేశారట.

లక్ష్మీతిరుపతమ్మ వాకిట్లో నెత్తళ్ళు తిరగేస్తోంది. మమ్మల్ని చూసి నవ్వుకుంటూ వచ్చి, హుమేరా ముందు చెయ్యి చాపింది. బాటరీ మార్చడానికి వచ్చామనుకుంది.

హుమేరా ఆ చెయ్యి పట్టుకుని నిలబడిపోయింది.

"ఏంటమ్మా, అట్టా ఉన్నారు?" అంది రత్తాలు అరుగు మీద నుంచి.

దాచడం నాకు చేతకాదు. "కాలేజీవాళ్ళు పట్టీ తెచ్చిమ్మంటున్నారు రత్తాలూ" అన్నాను.

"తీసకపోతారా?" రత్తాలు లేచి నిలబడింది. "మరి నేను బయటికెళ్తే పిల్లకేంటి గతి? నాకు మళ్ళీ ఆ భయం వద్దమ్మా. తీసకపోతే రేపే భట్టిప్రోలు పంపిచ్చేస్తా."

మాటలు వినపడకపోయినా మొహాలు కనిపిస్తాయి కదా. లక్ష్మీతిరుపతమ్మ చెయ్యి వెనక్కి లాక్కుని, రెండో చేత్తో పట్టీ మూసుకుంది. మా ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. అంతలో ఉలిక్కిపడి లోపలికి పరుగెత్తింది. వెళ్ళి చూస్తే పిల్ల ఉయ్యాలలో ఏడుస్తోంది, అప్పటికే తల్లి ఎత్తుకుని భుజాన వేసుకుంది.

హుమేరా సంచిలోంచి కొత్త బాటరీ తీసింది. డబ్బాలో వేసింది, పట్టీలో వేసింది. లక్ష్మీతిరుపతమ్మ చేతికి తనే కట్టి, "నీదే" అన్నట్టు దాని మీద రెండుసార్లు తట్టింది. రత్తాలుతో, "ఎక్కడికీ పంపకండి అమ్మమ్మా, ఇది ఇక్కడే ఉంటుంది" అంది.

తిరుగు పాసింజర్‌లో కూర్చున్నాక అడిగాను. "మరి రేపు ఏం చూపిస్తావే?"

"మేడమ్, ఆ బీరువాలో ఉన్నవాటిని ఎవరైనా ఎప్పుడైనా స్విచ్ వేసి చూశారా?"

ఆలోచించాను. అయిదేళ్ళుగా రకరకాల పెద్దలు రావడం, అద్దంలోంచి వంగి చూడటం, తలలూపడం, జీడిపప్పు తినడం, వెళ్ళడం. తాకినవాడు లేడు. భట్టిప్రోలు స్టేషను దాటేదాకా నాకు నవ్వాగలేదు. ఎదురుగా కూర్చున్న ముసలాయన భయపడి కిటికీ వైపు జరిగాడు.

ఆ రాత్రి నన్నే సాహెబ్ గారి కొట్లో స్విచ్ ఉన్న ఖాళీ డబ్బా ఒకటి, పాత బెల్టు ఒకటి దొరికాయి. తెల్లారి అవి బీరువాలో పై అరలో, చక్కటి చీటీతో కూర్చున్నాయి. డబ్బా లోపల గాలి తప్ప ఏమీ లేదు. రత్నం గారు చూసి, తృప్తిగా సంతకం పెట్టాడు.

కమిటీ వచ్చింది. మేడెక్కేసరికి ముగ్గురికీ ఆయాసం. "లిఫ్టు లేదా?" అన్నాడు పెద్దాయన. "మా మేడమ్ కాలు అలా ఉన్నా రోజూ ఎక్కుతారండి" అని రత్నం గారు నన్ను చూపించాడు. అందరూ నన్ను మెచ్చుకున్నారు.

బీరువా తెరిచారు. మా ఖర్మ కొద్దీ ఆ పెద్దాయన చెయ్యి లోపలికి పెట్టి, హుమేరా డబ్బానే బయటికి తీశాడు. తిప్పి చూశాడు. బొటనవేలు స్విచ్ మీదికి పోయింది. నేను ఏదో ఒకటి పడేసి చప్పుడు చేద్దామని బల్ల మీది గ్లాసు పట్టుకున్నాను.

"అది ఇప్పుడు పనిచెయ్యదండి!" రత్నం గారు ముందుకురికాడు. "భద్రత కోసం బాటరీలు నేనే తీయించేశాను." పనిచేస్తుందో లేదో ఆయనకీ తెలియదు. పెద్దల ముందు కదలకపోతే పరువు పోతుందని, చెయ్యని పని చేశానని కోసేశాడు. ఆయన జన్మలో ఒకరికి ఉపకారం చేసిన అబద్ధం అదొక్కటే.

"గుడ్, గుడ్" అని పెద్దాయన డబ్బా లోపల పెట్టేశాడు. "అమ్మాయ్, దీనివల్ల నిజంగా ఉపయోగం ఉంటుందంటావా?"

"ఉందండి" అంది హుమేరా.

"అంత గట్టిగా ఎలా చెబుతున్నావు?"

"నిన్న చూశానండి."

అంతకు మించి వాళ్ళకి అక్కర్లేదు. కింద భోజనాలు వడ్డించారు. హుమేరా పాసయింది.

సాయంత్రం రత్నం గారు మహదానందంగా వచ్చాడు. "ఆ డబ్బా అందరికీ తెగ నచ్చింది మేడమ్. అలాంటివి ఇంకో పది చేయించండి. బీరువా నిండిపోవాలి."

"తప్పకుండా నింపిస్తానండి" అన్నాను. ఆయనకి నేనంత మర్యాదగా జవాబు చెప్పడం అదే మొదటిసారి.

నెల తిరిగాక బాబి వచ్చాడు. చేతిలో కర్ర లేదు. ఎండకి నల్లబడ్డాడు.

"వేటపాలెంలో జీడిగింజలు కొట్టి పప్పు తీసే కృపమ్మ గారని ఒకావిడ ఉన్నారండి. కుడి చేతి వేళ్ళు వంగవండి. ఎడం చేత్తోనే కొట్టుకోవడానికి ఒక పట్టుకర్ర లాంటిది కావాలన్నారండి. నెల్లాళ్ళూ అక్కడే తిరిగానండి."

"చేసి ఎక్కడ పెడతావు?"

"ఆవిడ దగ్గరేనండి."

"మరి బీరువాలోకి?"

తలుపు వైపు ఒకసారి చూసి, సంచిలోంచి ఖాళీ అట్టపెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. "హుమేరా అక్క చెప్పిందండి" అన్నాడు.

ఆ బీరువా ఇప్పుడు నిండుగా ఉంది. రత్నం గారు రోజూ ఇంటికెళ్ళే ముందు ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని దాని తాళం లాగి చూసుకుంటాడు.