కాలరు వదులు చేసినవాడు

నేను దర్జీని. మా బావ మెడ కొలత నాకు తెలిసినట్టు మా అక్కకు కూడా తెలియదు. ఆరు నెలల్లో మూడుసార్లు నా దగ్గర చొక్కా కాలరు వదులు చేయించుకున్నాడు. వచ్చినప్పుడల్లా ప్యాంటు నడుము మాత్రం బిగించమనేవాడు.

మెడ లావెక్కుతూ నడుము సన్నబడే మనిషిని ఎక్కడైనా చూశారా? ముప్పై ఏళ్ళుగా మెడలో టేపు వేసుకుని తిరుగుతున్నాను, నాకు ఆ మాత్రం తట్టలేదు. పైగా ఎకసెక్కాలొకటి.

"ఏం బావా, అక్క వంటంతా మెడలోనే ఆగిపోతోందా?"

"మీ అక్క ఏం చెప్పినా తలూపడమే కదరా నా పని. మెడకి కండ పట్టింది."

మూడోసారి టేపు తిప్పుతుంటే ఎడమ చెవి కింద నా వేలికి బిళ్ళ తగిలింది. రబ్బరులా ఉంది. నొక్కితే జరిగింది.

"నొప్పా?"

"అబ్బే, ఏం లేదు. చలిగాలికి కట్టుంటుందిలే."

నొప్పి లేనిదానికి భయమెందుకని ఊరుకున్నాను. బిళ్ళ బయటికి కనబడకుండా కాలరు కుదిర్చాను. నా పనితనం తగలెయ్య!

రెండు నెలల తర్వాత ఆసుపత్రిలో డాక్టరమ్మ అక్కనీ నన్నూ కూర్చోబెట్టి చెప్పింది.

"జబ్బుల్ని ఎదిరించే బిళ్ళలు అందరికీ ఉంటాయి. మెడలో, చంకల్లో, గజ్జల్లో. ఆయనకి వాటిలోనే క్యాన్సర్ పుట్టింది. లింఫోమా అంటారు. నొప్పి ఉండదు కాబట్టి చాలామంది పట్టించుకోరు. మనిషి చిక్కిపోవడం, రాత్రిళ్ళు పక్క తడిసేలా చెమటలు, ఇవీ దాని గుర్తులే. మందులున్నాయి, నయమైనవాళ్ళూ ఉన్నారు. కానీ ఈయనకి పొట్టలోకి కూడా పాకింది. ఇవేవీ ముందు ఎవరూ గమనించలేదా?"

అక్క తల అడ్డంగా ఊపింది. నేను ఆ రోజే చెప్పి ఉంటే పొట్టదాకా వచ్చేది కాదేమో!

అప్పటినుంచి ఆ బిళ్ళ నా వేలిని వదలడం లేదు. గుండీ కుడుతున్నా అదే తగులుతుంది. ఎవరి మెడకు టేపు చుట్టినా ముందు చెవి కింద తడుముతున్నాను. కొందరు చిరాకుపడుతున్నారు. పడనీ.

నిన్న ఆసుపత్రి లోపల బావకు మందు ఎక్కిస్తుంటే, వరండాలో బెంచీ మీద అక్కతో చెప్పేశాను.

"అక్కా, బిళ్ళ నాకు ముందే తగిలింది. కాలరు వదులు చేసి పంపించేశాను."

చెంప పగలగొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"రోజూ పొద్దున్నే ఆయన దుప్పటి నేనే ఆరేసేదాన్నిరా," అంది అక్క. "పిండితే నీళ్ళు కారేవి. ఫ్యాను సరిగా తిరగట్లేదనుకుని కొత్తది పెట్టించాను."