ఊటకు కట్టిన తలపాగా

కెంచార్లహళ్ళి పక్కన పన్నెండు వందల అడుగులు బోరు దించినా దుమ్మే లేస్తుంది. చెరువులకు నీళ్ళు తేవడానికి గుట్ట కింద సొరంగం తవ్వుతుంటే మాత్రం, పిలవని పేరంటానికి వచ్చినట్టు నీళ్ళే ముందుగా వచ్చేశాయి. ఊట వచ్చింది, ఇంజనీరు నందీశ్‌కు ఊరట పోయింది.

పొద్దున కారే చోట సిమెంటు మెత్తించాడు. మధ్యాహ్నానికి రెండు గజాల అవతల గోడ మళ్ళీ కారింది, ఈసారి ఎర్రగా. సరిగ్గా ఆ పైనే అక్కమ్మ పట్టుపురుగుల షెడ్డు. దాని గోడ వారన నేల వేలు దూరేంత చీలింది.

"నాలుగు దినాల్లో గూడు కట్టే పురుగులప్పా! ఇప్పుడు కదిలిస్తే గూడూ ఉండదు, నా గోడు వినేవాళ్ళూ ఉండరు" అందామె.

"ఇంకో పది మూటల సిమెంటు కొడితే సరిపోతాదమ్మా" అన్నాడు నందీశ్, తనకే నమ్మకం లేకుండా.

చుట్టుపక్కల అరవై బావులు తవ్విన పిళ్ళప్పను అక్కమ్మే వెంటబెట్టుకొచ్చింది. ఆయన సొరంగంలోకి దిగి, కారే నీళ్ళను చెంబులో పట్టి పక్కన పెట్టి, తీరిగ్గా వక్కాకు నమలసాగాడు.

"ఏం చేస్తాండారు పిళ్ళప్పా? పైన షెడ్డు కూలేటట్టుండాది!"

"ఆకు నమిలేదాకా చెంబు ముట్టకూడదప్పా. మా నాయిన కాలం నుంచీ అంతే."

నందీశ్ పళ్ళు నూరాడు, పెద్దాయన ఆకు నూరాడు. పండింది మాత్రం పెద్దాయన నోరే.

ఆకు నమలడమయ్యాక, చెంబులో తేరిన నీళ్ళు వంచేస్తే అడుగున వేలెడు మన్ను!

"నీళ్ళు పోతే పోనీలేప్పా. మన్ను పోతాండాది చూడు, అది అక్కమ్మ షెడ్డు కింద మన్ను. నువ్వు నీళ్ళ నోరు మూసినావు, అవి ఇంకో దోవ తవ్వుకుంటాండాయి."

అంటూ తలపాగా విప్పి ఊటకు అడ్డం కట్టాడు. నీళ్ళు జారిపోయాయి, మన్ను గుడ్డలో నిలిచిపోయింది. కాలేజీలో నాలుగేళ్ళు బుర్రకెక్కని ఫిల్టరు పాఠం, పెద్దాయన బుర్ర మీంచి దిగి నందీశ్ బుర్రలోకి ఎక్కింది.

తవ్వకం ఆపించాడు. తలపాగా ఉన్న చోట మన్ను వైపు ఇసుక, దాని వెనక గులకరాళ్ళు, బయటికి పైపు పెట్టించాడు. సిమెంటుకూ మర్యాద దక్కింది: నేల కింద బోలైన చోటును సిమెంటు పాలతో నింపారు.

నాలుగో రోజు అక్కమ్మ పురుగులు గూళ్ళు కట్టాయి. నేలలో చీలిక వేలు దూరేంతకే ఆగింది. ఆ కబురు చెప్పడానికి పిళ్ళప్ప సొరంగంలోకి దిగాడు. నందీశ్ పైపు ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. పక్కన చెంబు, బుగ్గన ఆకు, అలవాటు లేక కళ్ళ నిండా నీళ్ళు.

చెంబు అడుగున సొట్ట నీళ్ళలోంచి స్పష్టంగా కనిపిస్తోంది.

"తేటగా ఉండాయి కదప్పా, చూడరాదా?"

"ఉండండి పిళ్ళప్పా" అన్నాడు నందీశ్, చెంబు ముట్టకుండా. "ఇంకా నమల్తాండా."