జాలిహట్టి తీర్మానం

సర్వసభ్య సమావేశం ఉన్న రోజు హేమావతి ఎనిమిదింటికే జిల్లా పరిషత్తు ఆఫీసుకు వస్తుంది. రికార్డు గది తాళం తీసి, రెండు కిటికీలూ తెరిచి, బీరువాలోని తడి పుస్తకాలను బల్ల మీద వరసగా పరుస్తుంది. పేజీల మధ్య ఉన్న పాత అద్దుడు కాగితాలు తీసి కొత్తవి పెడుతుంది. పాతవి నీలంగా, బరువుగా ఉంటాయి. అటెండరు నల్లప్ప వాటిని వెనకవైపు ప్రహరీ గోడ మీద పరిచి, ఎగిరిపోకుండా రాళ్లు పెడతాడు. ఈ పని ముప్పై ఏళ్లుగా జరుగుతోంది. రిటైర్మెంటుకు ఇంకా నలభై రోజులున్నాయనగా, ఆ ఏప్రిల్ ఉదయం కూడా జరిగింది.

అనంతపురం ఎండకు ఏదైనా ఆరిపోతుంది. వాకిట్లో చల్లిన నీళ్లు ముగ్గు పూర్తి కాకముందే ఆరిపోతాయి. ఉతికిన చీర దండెం మీద రెండో కొస సర్దేలోగా మొదటి కొస ఆరుతుంది. ఆరనిది ఒక్కటే. పరిషత్తు తీర్మానాల పుస్తకంలో, చేస్తామని రాసి చేయని పని తాలూకు సిరా. పని పూర్తయిన రోజు ఆ వాక్యం దానంతటదే ఆరుతుంది. అంతవరకు తడిగానే ఉంటుంది. తనిఖీకి వచ్చే అధికారులకు ఇది సౌకర్యం. నివేదిక చదవనక్కరలేదు. పేజీ మీద వేలు పెడతారు, వేలు చూసుకుంటారు, రాసుకుంటారు, సబ్బు అడుగుతారు.

వేలికి అంటింది సబ్బుతో పోతుంది. ఒంటి బరువు ఆనిస్తే మాత్రం వాక్యం మనిషిని పట్టుకుంటుంది. వెనకటికి ఒక చైర్మన్ సంతకం పెడుతూ కల్వర్టు తీర్మానం మీద మోచేయి ఆనించాడు. అప్పటినుంచి ఏ చొక్కా తొడిగినా మోచేతి దగ్గర కల్వర్టు కనిపించేది. నాలుగు నెలలు పెళ్లిళ్లకూ పరామర్శలకూ అట్లాగే తిరిగి, చివరికి దగ్గరుండి కల్వర్టు కట్టించుకున్నాడు. ఆ తర్వాతే ఆఫీసులో రూలు వచ్చింది. పాత పుస్తకంలో ఎవరు సంతకం పెట్టినా వాళ్ల చేతి కింద అద్దుడు కాగితం పెట్టే బాధ్యత సమావేశాల సెక్షను సూపరింటెండెంటుది. ఆ కుర్చీ హేమావతిదే. ఆమె సర్వీసులో ఆ కాగితం ఒక్కసారీ తప్పలేదు.

కొత్త పుస్తకాలతో ఈ తంటా లేదు. ఇప్పుడు తీర్మానాలన్నీ సంబంధిత శాఖకు పంపాలనే. పంపితే చాలు, పని అయినట్టే. సభ్యులు భోంచేసి చేతులు కడుక్కునేలోగా ఆరిపోతాయి. పాత పుస్తకాలు అట్లా కాదు. తెరిస్తే గదంతా నీళ్ల కుండ కింద నేల వాసన వస్తుంది. అప్పట్లో సమావేశాలు పొద్దుగూకేదాకా సాగేవి. సభ్యులు టిఫిను క్యారియర్లు తెచ్చుకుని, మెట్ల మీద కూర్చుని ఒకరి ఊరగాయ ఒకరు అడిగి తిని, మళ్లీ లోపలికి పోయి పోట్లాడుకునేవాళ్లు. ఆ గొంతులు ఎవరివో హేమావతి ఇప్పటికీ చెప్పగలదు, పేజీ తిప్పితే చాలు.

తొమ్మిదిన్నరకు రామాంజినమ్మ వచ్చింది. మడకశిర వైపునుంచి మొదటి బస్సు ఎక్కితే ఆ వేళకే చేరుతుంది. డెబ్బై దాటిన మనిషి, భుజాన కంబళి, చేతిలో ఉడకబెట్టిన శనక్కాయల సంచి.

"బాగుండావా హేమమ్మా? తియ్యి మల్ల," అంది, కూర్చోకుండానే.

హేమావతి 1997 పుస్తకం తెరిచింది. రామాంజినమ్మకు చదువు రాదు. అయినా పేజీలో ఏడో వరస తనదని తెలుసు. చూపుడువేలు ఆ వరస మీద పెట్టి, తీసి, కిటికీ వెలుతురులో చూసుకుంది. నీలంగా ఉంది.

"తడి ఉండాది," అంది. మూడు నెలలకొకసారి, ఇరవై ఎనిమిదేళ్లుగా అంటున్న మాటే.

మహిళలకు సీట్లు కేటాయించిన కొత్తలో గెలిచి వచ్చిన సభ్యురాలు ఆమె. గొర్రెల కాపరుల ఇంటి కోడలు. ఐదేళ్లలో ఒక్కసారే మైకు అడిగింది. "మా జాలిహట్టిలో ఇస్కూలు ఏడుతో నిలిచిపోతాది. ఎనిమిదికి పోవల్లంటే తొమ్మిది కిలోమీటర్లు, నడుమ వంక. మొగపిల్లోల్లు సైకిలేసుకోని పోతారు. ఆడబిడ్డల్ని గొర్లెనక తోల్తారు. నేనూ తోలినా నా కూతుర్ని," అని కూర్చుంది. హాల్లో అన్ని చేతులూ లేచాయి. జాలిహట్టి పాఠశాలలో ఎనిమిది, తొమ్మిది, పది తరగతులు తెరవాలని హేమావతి గుండ్రటి అక్షరాలతో రాసింది. అప్పుడామెకు ముప్పై మూడేళ్లు.

సమావేశం అయ్యాక రామాంజినమ్మ బల్ల దగ్గరికి వచ్చి, "రాసినావా? అయితాదా?" అని అడిగింది.

"రాసినాం కదక్కా, అయితాది," అంది హేమావతి.

ఆ మాట ఏ పుస్తకంలోనూ లేదు. హేమావతికి మాత్రం గుర్తుంది.

ఇప్పుడు రామాంజినమ్మ కూతురి చిన్నబిడ్డ పుష్పావతి ఏడో తరగతి పూర్తి చేస్తోంది. తరగతిలో పదహారు మంది, అందులో పదకొండు మంది ఆడపిల్లలు. "జూనొస్తే దీన్నీ తోల్తారు. మా అల్లుడు అప్పుడే కర్ర చెక్కి పెట్నాడు," అంది రామాంజినమ్మ కూర్చుని శనక్కాయ ఒలుస్తూ.

హేమావతి చెప్పక తప్పలేదు. "అక్కా, ఈపొద్దు పాలనా సమీక్ష ఉండాది. పెండింగు తీర్మానాలు సున్నా అని పైకి రాసి పంపల్లంట. నలభైయొక్కటి తడివి ఉండాయి. అన్నీ రద్దు చేస్తారు."

"నాది గూడానా?"

"నీది ఆఖర్ది."

"కొట్టేస్తే ఆరిపోతాదా?"

"ఆరిపోతాది."

"పని చేయకుండానే?"

"చేయకుండానే అక్కా."

రామాంజినమ్మ వేలి సిరా కంబళికి తుడుచుకోలేదు. లేచి వెళ్లి హాల్లో సందర్శకుల బెంచీ మీద కూర్చుంది.

అధ్యక్షురాలు జయంతి పదకొండున్నరకు సమావేశం మొదలుపెట్టింది. నలభై ఐదేళ్ల మనిషి, పని తెలిసిన మనిషి, రాత్రి సరిగా నిద్రపోని కళ్లు. సీఈఓ ఒక్కో తీర్మానం చదువుతుంటే సభ్యులు చేతులెత్తారు. హేమావతి పుస్తకం తెరిచి కాగితం పెట్టింది, జయంతి దాని మీద చెయ్యి ఆనించి అడ్డంగా గీత గీసి సంతకం చేసింది. ప్రతిసారీ సిరా, వేడి పెనం మీద నీళ్లు చల్లినట్టు చుర్రుమని ఆరింది. బస్టాండులో టెలిఫోను బూతు. సంత దగ్గర కిరోసిను డిపో. ఊరికొక రేడియో.

రేడియో తీర్మానం వచ్చేసరికి సభ్యుడు తిప్పన్న నిట్టూర్చాడు. "మా నాయన ఆ రేడియో వస్తాదని స్తంభం గూడా నాటించినాడు మేడం. దానికి ఇప్పుడు ఎనుమును కడతాండాం."

హాలు నవ్వింది. జయంతి కూడా నవ్వి గీత గీసింది.

ఒంటిగంటకు జాలిహట్టి వచ్చింది. పిల్లల సంఖ్య నిబంధనకు సరిపోదని సీఈఓ చదివాడు.

జయంతి పెన్ను పట్టుకుని ఆగింది. "ఎంతమంది?"

"పదహారు మేడం."

"పదహారు మందికి హైస్కూలు అడిగితే పైన నవ్వుతారు మేడం," అన్నాడు తిప్పన్న. "కొట్టేయండి, ఆడ అన్నం సల్లారిపోతాంది."

వెనక బెంచీ నుంచి గొంతు లేచింది. "ఏమప్పా తిప్పన్నా, మీ నాయన మీ ఊరికి హైస్కూలు అడిగిన దినం నేనూ చెయ్యెత్తినా. నువ్వు ఆడ సదివినోడివే గదా? మీ ఊరి పిలకాయల్ని ఆపొద్దు నేను లెక్కేయలేదే!"

"మాజీ సభ్యులు మాట్లాడేదానికి లేదమ్మా," అన్నాడు సీఈఓ.

"మాట్లాడలేదు నాయనా, గుర్తు చేసినా." కూర్చుంది.

తిప్పన్న తల వంచుకున్నాడు. చేతులు ఈసారి ఒక్కటొక్కటిగా, మెల్లగా లేచాయి. కొందరు ఎజెండా కాగితాల్లోకి చూస్తూ ఎత్తారు. సగానికి పైనే అయ్యాయి. రద్దుకు అది చాలు.

హేమావతి పుస్తకం తీసుకెళ్లి జయంతి ముందు తెరిచింది. తన గుండ్రటి అక్షరాలు నిన్న రాసినట్టు మెరుస్తున్నాయి. ఎడమచేతిలో అద్దుడు కాగితం ఉంది. ముప్పై ఏళ్లుగా ఆ చెయ్యి మెదడును అడగకుండానే కదిలేది. ఆ రోజు హేమావతి దాన్ని పట్టి ఆపింది. కాగితం కొంగు కిందికి పోయింది.

జయంతి అలవాటు చొప్పున, చూడకుండానే అరచెయ్యి పేజీ మీద ఆనించి పెన్ను ఎత్తింది. ఎత్తిన పెన్ను అట్లాగే ఆగింది. చల్లగా తగిలింది. చెయ్యి తీసి చూసుకుంది. తీర్మానం మొత్తం, అద్దంలో అక్షరాల్లా తిరగబడి, అరచేతిలో ఉంది. పేజీలో ఏడో వరస తెల్లగా ఉంది.

సీఈఓ వంగి చూశాడు. "పేజీలో లేనిదాన్ని రద్దు చేయలేం మేడం. వాయిదా వేద్దాం."

జయంతి హేమావతి వైపు తిరిగింది. "కాగితం మర్చిపోయినారా మేడం?"

"మర్చిపోలేదు మేడం," అంది హేమావతి.

మర్నాడే మెమో వచ్చింది. మూడు రోజుల్లో వివరణ ఇవ్వాలి. ఇంట్లో వాళ్లు మరిచిపోయానని రాసెయ్యమన్నారు, చివర్లో ఈ మచ్చ ఎందుకన్నారు. హేమావతి ఒకే వరస రాసింది: కాగితం నా చేతిలోనే ఉండింది, పెట్టలేదు. సీఈఓ అలవాటుగా ఆ వరస మీద వేలు పెట్టి చూశాడు. ఆరిపోయి ఉంది. జరిగిన సంగతే కాబట్టి అందులో తడి ఉండే అవకాశం లేదు. ఆమె సర్వీసు రిజిస్టరులో మొదటి మందలింపు ఎక్కింది, ఆఖరిది కూడా అదే.

అటు జయంతి చెయ్యి ఆనిన ప్రతిచోటా జాలిహట్టి పడసాగింది. తిరగబడిన అక్షరాలు కాగితం మీద సరిగ్గా అచ్చయ్యేవి. నీటి సరఫరా ఫైలు మీద, పశువుల ఆస్పత్రి ఫైలు మీద, కారు తలుపు మీద అదే వాక్యం. ఇంట్లో జొన్నరొట్టె తడితే రొట్టె మీద కూడా అదే. తొమ్మిది చదివే కూతురు శశి వారం రోజులు ఓపిక పట్టి, తుంచిన ముక్కను పైకెత్తి చూసింది.

"అమ్మా, ఇదేం ఊరమ్మా? దినామూ తింటాండాం, ఒక్కసారన్నా చూసినావా?"

జయంతి మరుసటి ఆదివారమే వెళ్లి చూసింది. తొమ్మిది కిలోమీటర్లూ కారు దిగి నడిచింది. వంక దగ్గర చెప్పులు చేత పట్టుకుంది. తిరిగొచ్చి ప్రతిపాదన తనే రాయించి, ప్రతి పేజీ మీదా చెయ్యి కావాలనే ఆనించి, రాజధానికి తీసుకుపోయింది. అక్కడ కరచాలనం చేసిన అధికారులందరూ సాయంత్రానికి సబ్బు అడిగారు. సబ్బుతో పోలేదు. జూన్ రెండో వారంలో ఉత్తర్వు వచ్చాకే వాళ్ల చేతులు తేటపడ్డాయి. ఈ సంవత్సరం జాలిహట్టిలో ఎనిమిదో తరగతి తెరవవచ్చు. మిగతావి ఏటా పరిశీలించబడును.

జూలై సమావేశం నాటికి హేమావతి రిటైరై ఆరు వారాలైంది. అయినా ఆ రోజు తెల్లవారకముందే మెలకువ వచ్చింది. ఎనిమిదింటికి రికార్డు గది ముందు నిలబడి ఉంది. నల్లప్ప ఏమీ అడగకుండా తాళం తీశాడు. బల్ల మీద ఏ పుస్తకమూ లేదు. అన్నీ ఆరిపోయి బీరువాకు చేరాయి. అద్దుడు కాగితాల కట్టలు విప్పకుండా ఉన్నాయి. గదిలో కుండ కింది నేల వాసన లేదు. హేమావతి కిటికీలు తెరిచింది, అవసరం లేకపోయినా.

తొమ్మిదిన్నరకు రామాంజినమ్మ వచ్చింది. "తియ్యి మల్ల," అంది.

ఏడో వరసలో అక్షరాలు సగం తిరిగొచ్చాయి. ఎనిమిది అన్న మాట దాకా ఉన్నాయి, కాస్త వెలిసి, పొడిగా. ఆ తర్వాత తెల్లటి ఖాళీ. రామాంజినమ్మ వేలితో రుద్దింది, వెలుతురులో చూసుకుంది. వేలికేమీ లేదు. ఏం చేయాలో తోచనట్టు ఆ వేలిని కాసేపు అట్లాగే పట్టుకుంది.

"పుష్పావతి పోతాందా అక్కా?"

"పోతాండాది. పదకొండు మందీ పోతాండారు. గొర్లెనక నేను పోతాండా ఇప్పుడు. మా అల్లుడు చెక్కిన కర్ర నాకే వచ్చె." నవ్వింది. మళ్లీ పేజీ వైపు చూసింది. "తొమ్మిదీ పదీ యాడ?"

"మేడం దగ్గర."

ఇద్దరూ అధ్యక్షురాలి గదికి వెళ్లారు. జయంతి ఎడమచేత్తో ఫోను చెవికి పట్టుకుని ఎవరితోనో గట్టిగా మాట్లాడుతోంది. రామాంజినమ్మను చూసి, మాట ఆపకుండానే, కుడిచెయ్యి బల్ల మీదుగా చాపి అరచెయ్యి తెరిచింది. అందులో తొమ్మిది నుంచి చివరిదాకా మాటలు మిగిలాయి. రామాంజినమ్మ చూపుడువేలు వాటి మీద ఆనించి, తీసి, హేమావతికి చూపించింది.

"తడి ఉండాది," అంది, ఇంటికి చేరిన మనిషిలా.

నల్లప్ప సబ్బు తెచ్చాడు.

"వద్దులేప్పా. పిల్లోల్లకు చూపించల్ల," అంది ఆమె. బస్సు ఎక్కేటప్పుడు కంబళికి అంటకుండా ఆ వేలిని దూరంగా పైకెత్తి పట్టుకుంది.